డిస్కో పాటలో అత్తగారు

మొన్న దోహాలో, అల్ అజీజియాలో ఒక సూపర్ మార్కెట్‌లో, పప్పుల వరస దగ్గర ట్రాలీ తోసుకుంటూ వెళుతుంటే పైన స్పీకర్లో ఆ పాట మొదలైంది. ఇలాంటి చోట్ల పాటను ఎవరూ వినరు. నేనూ వినలేదు. నా కాళ్ళు విన్నాయి. నడక నడకలాగే ఉంది గానీ మడమ నాకంటే కొంచెం ముందు పడుతోంది, నడుము దాని పని అది చేసుకుపోతోంది. పాట సగానికి వచ్చేసరికి ఎవరో గద్దించినట్టు టక్కున ఆగిపోయాను. చున్నీ రెండు భుజాల నిండా కప్పుకుని, చేతులు కట్టుకుని, తల వంచి నిలబడ్డాను. వెనక వస్తున్న ఈజిప్టు ఆవిడ ట్రాలీ వచ్చి నా కాళ్ళకు తగిలింది.

"యల్లా హబీబ్తీ, యల్లా" అంది ఆవిడ, పద తల్లీ పద అని, కోపం లేకుండానే.

స్పీకర్లో పాట ఆగలేదు. ఆగదని నాకూ తెలుసు. కానీ ఆ చోట నాకు పాట వినిపించదు, ఒక ముసలమ్మ గొంతు వినిపిస్తుంది. ఆ గొంతు పూర్తయ్యేదాకా కదలకూడదు. ఇదంతా ఆ ఈజిప్టు ఆవిడకు వివరించే ధైర్యం నాకెక్కడిది? పక్కకు తప్పుకుని, అరలో ఉన్న శనగపప్పును చాలా శ్రద్ధగా చదువుతున్నట్టు నటించాను.

ఈ అలవాటు నాకు అంటించిపోయిన మనిషి మా కింది అంతస్తు ఆంటీ.

మేం అల్ ముంతజాలో ఉంటాం. మాది కాకినాడ వైపు. ఆంటీవాళ్ళది కరీంనగర్ దగ్గర పల్లె. అంకుల్ ఒక కంపెనీలో స్టోర్ కీపరు. పెళ్ళైన కొత్తలో దోహా వచ్చిన ఆంటీ, ఇక్కడే కొడుకును కని, పెంచి, ఇంజనీరును చేసింది. అంకుల్ ఉద్యోగం అయిపోయాక వీసా క్యాన్సిల్ చేయించుకుని ఇద్దరూ వెళ్ళిపోయారు. కొడుకు ఇక్కడే ఉన్నాడు. జీవిత చరిత్ర ఇంతే. ఆంటీని చూడాలంటే ఇది పనికిరాదు, ఆవిడ లిఫ్ట్ బటన్ నొక్కడం చూడాలి.

ఆంటీ బటన్ నొక్కేటప్పుడు చూపుడువేలిని ముందు నడుము దగ్గర నుంచి కత్తిలా దూసేది. గాలిలో ఏటవాలుగా పైకి ఒక గీత గీసి, అక్కడ క్షణం ఆపి, అప్పుడు కిందికి దించి నొక్కేది. పక్కనున్నవాళ్ళు తొందరపడి నొక్కేశారా, ఇక తన అంతస్తు వచ్చేదాకా మాట్లాడేది కాదు. పోపు వేసి వెనక్కి దూకేది, అందరిలా భయపడి కాదు, తాళానికి. దుప్పటి మడత పెట్టాలంటే రెండో కొస మనం పట్టుకోవాలి. పట్టుకున్నాక మన భుజాలు కూడా ఆడక తప్పేది కాదు, ఎందుకంటే ఆ కొసను ఆవిడ అలా లాగేది.

దీనంతటికీ కారణం ఒకప్పటి డిస్కో బృందం. బొంబాయి వాళ్ళు. ఒకతను, ఇద్దరు ఆడవాళ్ళు. వెండిరంగు చొక్కాలు, మోకాళ్ళ దాకా బూట్లు. ఆ రోజుల్లో దోహాలో ఏ క్యాసెట్ దుకాణం ముందు నిలబడినా వాళ్ళే వినిపించేవారట. ఇప్పుడు వాళ్ళ పేరు చెబితే నా వయసువాళ్ళు ఏదో బిస్కెట్ల కంపెనీ అనుకుంటారు. ఆంటీ వాళ్ళను పేర్లతో పిలిచేది కాదు. అతను బుంగ జుట్టాయన, ఇద్దరిలో ఒకావిడ పొడుగామె, రెండో ఆవిడ నవ్వేటామె. ముగ్గురినీ కలిపితే "మావోళ్ళు".

"మావోళ్ళు ఇడికొచ్చినప్పుడు నేను సూసిన" అనేది. వాళ్ళు ఏదో హోటల్లో ప్రదర్శన ఇవ్వడానికి వచ్చారట. టికెట్ సంగతి అంకుల్ విననట్టే ఊరుకున్నాడట. అయితేనేం, నజ్మాలో ఒక చాయ్ దుకాణం ముందు ఆంటీకి బుంగ జుట్టాయన కనిపించాడు. ఒక్కోసారి అతను చిక్కటి పాల కరక్ చాయ్ తాగుతూ కనిపించేవాడు, ఒక్కోసారి పాలు లేని సులేమానీ. ఒకసారైతే జుట్టులో దువ్వెన ఇరుక్కుపోయి, దుకాణం వాడు లాగుతుంటే కనిపించాడు. నేను డైరీ రాస్తాను కాబట్టి నాకు ఇవన్నీ గుర్తుంటాయి. నా మామూలు పిరికితనమంతా కూడగట్టుకుని ఒకరోజు అడిగాను.

"ఆంటీ, పోయినసారి సులేమానీ అన్నారు కదా?"

"ముందుగాల గది తాగిండు. సల్లారిందని పారవోసి గిది తాగిండు. నీకేమన్న నష్టమా పుస్తకాలమ్మా?"

నన్ను పుస్తకాలమ్మా అనేది. నేను మెట్ల మీద కూర్చుని చదువుకుంటుంటే పక్కన కూర్చుని, "మంచిగున్నదా? ఎవలన్న సచ్చిండ్రా?" అని అడిగేది. ఎవరూ చావలేదంటే, "మరి ఎందుకు గంత మొకం పెట్టినవు?" అనేది.

ఇక ముసలమ్మ సంగతి.

అప్పట్లో ఇక్కడివాళ్ళు ఇంటికి ఫోన్ చేయడమంటే అందని మాట. ఉత్తరం రాస్తే అక్కడ ఇంకొకరు చదివి పెట్టాలి. అందుకని ఖాళీ క్యాసెట్‌లో మాటలు నింపి, సెలవు మీద వెళ్ళే ఊరివాళ్ళ చేతికిచ్చి పంపేవారట. ఇంట్లో అందరూ చుట్టూ కూర్చుని విని, అదే క్యాసెట్‌లో తమ మాటలు నింపి తిరిగి పంపేవారు. కొడుకుకు మూడేళ్ళున్నప్పుడు అంకుల్ అలాంటి క్యాసెట్ ఒకటి నింపాడు. అదే రోజు, ముచ్చటపడి, పెళ్ళానికి డిస్కో క్యాసెట్ ఒకటి కొన్నాడు. డ్యూటీ హడావిడిలో ఊరికి డిస్కోను పంపించి, మాటలను ఇంటికి పట్టుకొచ్చాడు.

"నేను సోకు జేసుకొని, పరదాలేసి, క్యాసెట్ పెట్టిన" అని చెప్పేది ఆంటీ. "పెడితే ఏముంది? 'అమ్మా మంచిగున్నవా, బర్రె ఈనిందా' అని మీ అంకుల్! పక్కకు జూస్తే మనిషి గోడకు ఆనుకొని నిలవడ్డడు, మొకంల నెత్తురు సుక్క లేదు."

అక్కడ ఊళ్ళో జరిగింది ఇంకా ఘోరం. దుబాయి నుంచి కొడుకు మాటలొచ్చాయని వాడకట్టంతా వాకిట్లో చేరింది. వాళ్ళకు గల్ఫ్ అంతా దుబాయే. టేప్ రికార్డర్ నొక్కగానే డోలు మొదలైంది. అత్తగారు ఓపిగ్గా కూర్చుంది. డోలు అయ్యాక కొడుకు మాట్లాడతాడనుకుంది. ఒక పాట అయింది, ఇంకో పాట వచ్చింది. కొడుకు మాట్లాడలేదు గానీ ఎవరో ఆడమనిషి మూలుగుతున్నట్టు పాడుతోంది. చివరికి మంచి ఊపులో ఉన్న ఒక పాట మధ్యలో అత్తగారికి సహనం చచ్చిపోయింది. "ఆ ఎర్ర బటను ఒత్తుండ్రి" అని, పాట మీదనే తన మాటలు నింపి, క్యాసెట్‌ను తిప్పి పంపేసింది.

అందువల్ల ఆంటీ మొదటిసారి విన్నప్పటి నుంచీ ఆ పాట అలాగే ఉంది. డోలు, గిటారు, నవ్వేటామె గొంతు, అంతలో టక్కుమని చప్పుడు. ఒక దగ్గు. తర్వాత:

"బిడ్డా, గా సప్పుడు బంద్ జెయ్యి. నేను మాట్లాడుతున్న. ఎవల పెండ్లిల కూసున్నవురా? కోడలా, నువ్వన్న ఇంటున్నవా? ఎండల తిరుగకు."

అలా కాసేపు ఇంటి సంగతులు సాగుతాయి. మళ్ళీ టక్. అత్తగారి అనుమతి దొరికినట్టు డిస్కో ఎక్కడినుంచో అందుకుని ఎగిరి పడుతుంది.

ఆ గొంతు వచ్చినప్పుడు ఆంటీ ఎంత ఊపులో ఉన్నా ఆగిపోయేది. కొంగు భుజాల నిండా కప్పుకుని, తల దించి, నేల వైపు చూస్తూ నిలబడేది. అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది.

"పోయినంత మాత్రాన అత్త అత్త గాకుంట పోతదా?" అనేది.

వేరే చోట ఎక్కడైనా ఆ పాట వస్తే, సరిగ్గా అక్కడికి రాగానే ఆంటీయే గొంతు పెంచి అత్తగారి మాటలన్నీ అప్పజెప్పేది. టాక్సీలో వస్తే టాక్సీలోనే. ఒకసారి పాకిస్తానీ డ్రైవర్ ఒకాయన భయపడి కారు పక్కకు ఆపేశాడని అంకుల్ చెప్పాడు. అంకుల్ చెప్పిన సంగతులు తక్కువ కాబట్టి అది నిజమే అయి ఉంటుంది.

అంకుల్ ఉద్యోగం అయిపోయిందన్న రోజు ఆంటీ వంటింట్లో సర్వపిండి చేస్తోంది. నేను నువ్వులు తీసుకెళ్ళి ఇచ్చాను. ఇచ్చి వచ్చేద్దామనుకున్నాను, ఎప్పుడూ అలాగే అనుకుంటాను. పిండిని గిన్నె అడుగున వేళ్ళతో ఒత్తుతూ, నా వైపు చూడకుండా అంది.

"బిడ్డా, పాస్‌పోర్టుల ఎగ్జిట్ గొట్టేలోపట నేను ఒక్కపారి స్టేజి మీద ఆడాలె. మా ఇంజనీరు సూడాలె."

"మీరు ఆడతారని ఆయనకు తెలీదా?"

"ఎట్ల తెలుస్తది? వాడు బడికి పోయినంక పెట్టుకునేదాన్ని. వాడు ఇంట్ల ఉంటే పాట పెట్టేదాన్ని గని శేతుల గంటె ఉండేది, ఉల్లిగడ్డ ఉండేది. నా ఆట పరదాలకు ఎరుక, మీ అంకుల్‌కు ఎరుక. ఆయన పేపరు అడ్డం పెట్టుకుంటడు." పిండికి చిల్లులు పెట్టి గిన్నెను పొయ్యి మీద పెట్టింది. "రేపు నేను పోయినంక వీడు ఏమంటడు? మా అమ్మ మంచిగ వండేది అంటడు. గంతే. గది నాకు సాలది."

అది నాకు చెప్పిందో, సర్వపిండికి చెప్పిందో తెలియదు. ఆవిడకు కావలసింది ఏమిటో మాత్రం ఆ పూటే మా బిల్డింగంతా తెలిసిపోయింది, ఎందుకంటే ఆవిడ మెల్లగా మాట్లాడినా అన్ని అంతస్తులకూ వినిపిస్తుంది.

ఉగాది కార్యక్రమం దగ్గర పడింది. ఇక్కడి మా తెలుగు సంఘంలో ఒక నియమం ఉంది. పిల్లలైతే ఒంటరిగా ఆడొచ్చు, పెద్దవాళ్ళయితే కనీసం నలుగురు ఉండాలి. ఒంటరిగా ఆడనిస్తే ఒక్కొక్కరూ దిగరని గత అనుభవం. ఆంటీ మొదట మా అమ్మను పట్టింది. అమ్మ "అయ్యో వదినగారూ, నాకా, ఈ వయసులోనా" అంటూనే చీర రంగు అడిగింది. తర్వాత పై అంతస్తు గుంటూరు ఆవిడ. ఆవిడకు మోకాళ్ళ నొప్పి, కానీ స్టేజి అంటే నొప్పి తగ్గుతుంది. నాలుగోదాన్ని నేను.

నాకు నలుగురిలో దగ్గు వస్తే కూడా మింగేసే అలవాటు. "నా వల్ల కాదు ఆంటీ" అన్నాను. నిజానికి ఆ మాట కూడా అమ్మ వెనక నిలబడి అన్నాను.

"నిన్ను ఆడుమన్నదెవలు?" అంది ఆంటీ. "నడుమ అత్తమ్మ మాట్లాడేటప్పుడు నిలవడాలె గద. గీ బిల్డింగుల నీ అంత మంచిగ నిలవడేటోళ్ళు ఎవలున్నరు చెప్పు? నువ్వు గందుకే కావాలె. మిగిలిందాంట్ల జర చేతులు ఊపు."

నా జీవితంలో నా సిగ్గుకు దొరికిన మొదటి ఉద్యోగం అది. ఒప్పుకున్నాను.

సంఘం అధ్యక్షుడు మాత్రం ఒప్పుకోలేదు. మా వైపు మనిషే, మాట మెత్తన.

"అమ్మా, మన దగ్గర కూచిపూడి ఉంది, కోలాటం ఉంది, పిల్లల పద్యాలున్నాయి. మధ్యలో డిస్కో అంటే... మన సంస్కృతి ఏమైపోవాలండీ?"

"ఒక్కపారి ఇనుండ్రి సార్" అని ఆంటీ సంచిలోంచి టేప్ రికార్డర్ తీసి ఆయన బల్ల మీద పెట్టింది.

డోలుకు ఆయన మొహం చిట్లించాడు. గిటారుకు కళ్ళు మూసుకున్నాడు. టక్‌మని ముసలమ్మ దగ్గి, "గా సప్పుడు బంద్ జెయ్యి" అనగానే, ఆయన తనకు తెలియకుండానే కాలు మీద ఉన్న కాలు దించి, కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"సూసిండ్రా? కాలు దించిండ్రు" అంది ఆంటీ. "ఇగ సంస్కృతికి ఏం తక్కువైంది సార్?"

ఆ తర్వాత ఆయన వాదించలేదు.

కొడుకు వాదించాడు. శుక్రవారం భోజనానికి వచ్చి, విషయం విని, ముద్ద చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. అతను నెమ్మదైన మనిషి, చొక్కా గుండీలన్నీ పెట్టుకునే రకం. అప్పటికి సంబంధాలు చూస్తున్నారు.

"అమ్మా, ప్లీజ్. మా ఆఫీసు వాళ్ళు కూడా వస్తారు. నువ్వు వంటల స్టాల్ పెట్టొచ్చు కదా, అందరికీ నీ బూరెలంటే ఇష్టం."

ఆంటీ, నీళ్ళు పోస్తున్న నా వైపు చూసింది. చూశావా అన్నట్టు.

"బూరెలు మీ ఆఫీసోళ్ళను జేసుకోమను" అంది. "నువ్వు సూడకున్నా మంచిదే, హాలుల ఉండు."

అతను హాల్లో ఉండక తప్పదు. సంఘానికి సౌండ్ చూసేది అతనే. చాలాసేపు పెరుగన్నం కలిపి, చివరికి, "సరే, ఆ క్యాసెట్ ఇలా ఇవ్వు. ఫైల్ చేసుకోవాలి" అన్నాడు. ఆంటీ క్యాసెట్‌ను చున్నీ కొసతో తుడిచి మరీ ఇచ్చింది. ఆ చున్నీ నాది.

ఆంటీ దగ్గర డిస్కో నేర్చుకోవడమంటే వంట నేర్చుకోవడమే. అడుగులకు ఆవిడ పెట్టుకున్న పేర్లన్నీ వంటింటివే. "చాట!" అంటే రెండు చేతులూ ముందుకు చాచి, బియ్యం చెరిగినట్టు నడుము ఎగరెయ్యాలి. "పిండు!" అంటే తడిబట్ట పిండినట్టు ఒళ్ళు మెలితిప్పాలి. "పోపు!" అంటే వెనక్కి దూకాలి. అన్నిటికంటే కష్టమైనది పోపు. రెండు కాళ్ళూ ఒకేసారి లేవాలి, పడేటప్పుడు చప్పుడు కాకూడదు, మొహంలో నవ్వు ఉండాలి. గుంటూరు ఆవిడ దూకితే కిందింటివాళ్ళు పైకి వచ్చేవారు.

"వదినా, గది పోపు గాదు, గ్యాస్ బండ పడేసినట్టున్నది."

"మీ పోపులు మావి కావండీ, మేం ఆవాలు ఎక్కువేస్తాం" అనేది గుంటూరు ఆవిడ రొప్పుతూ.

వెండిరంగు బట్టలు కుట్టించే సమయం లేదు. ఆంటీ వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ చుట్ట తెచ్చి, మడతలు పెట్టి, నలుగురికీ నడుము పట్టీలు చేసింది. నల్లచీరల మీద అవి చూడ్డానికి బాగానే ఉన్నాయి. కూర్చుంటే మాత్రం ఎవరో చిప్స్ పొట్లం విప్పుతున్నట్టు చప్పుడు.

కార్యక్రమం శుక్రవారం మధ్యాహ్నం. కోలాటం అయ్యాక మమ్మల్ని పిలిచారు. స్టేజి ఎక్కేటప్పుడు నేను అమ్మ వెనక్కి జరిగాను. ఆంటీ నా నడుము పట్టీ సర్ది, "నువ్వు నిలవడేదాక నన్నే సూడు. నిలవడ్డంక నిన్నే అందరు సూస్తరు" అంది. ధైర్యం చెప్పడం ఆవిడకు ఎప్పుడూ రాదు.

పాట మొదలైంది. మొదటి క్షణంలోనే ఏదో తేడాగా అనిపించింది. డోలు శుభ్రంగా ఉంది. క్యాసెట్‌లో ఉండే బరబర లేదు. మా అమ్మ నా వైపు చూసింది, నేను అమ్మ వైపు చూశాను, కానీ అప్పటికే "చాట" వచ్చేసింది. ఆడాం. ఆంటీ ముందు, మేం వెనక. హాల్లో ఎవరో ఈల వేశారు. "పిండు" బాగా వచ్చింది. "పోపు"కు గుంటూరు ఆవిడ కూడా చప్పుడు లేకుండా పడింది. తర్వాత ఆ చోటు వచ్చింది. నలుగురం ఒక్కసారిగా ఆగిపోయాం. కొంగులు భుజాల మీదికి వచ్చాయి. తలలు దిగాయి.

టక్ లేదు. దగ్గు లేదు. పాట సాగిపోతోంది.

కొడుకు చేసిన మంచిపని ఇది. చిన్నప్పటి నుంచీ వాళ్ళమ్మకు ఇష్టమైన పాట నానమ్మ మాటలతో పాడైపోయిందని అతను బాధపడేవాడట. అమ్మ వెళ్ళిపోయే ముందు ఆడుతోంది కదా, సరైనది వినిపిద్దామని వెతికి వెతికి, మచ్చలేని పాట పట్టుకొచ్చాడు. ఎవరికీ చెప్పలేదు. ఆశ్చర్యపరుద్దామనుకున్నాడు, పరిచాడు.

మేం విగ్రహాల్లా నిలబడి ఉన్నాం. స్పీకర్లలో బాకాలు ఊదుతున్నారు. హాలు ముందు నవ్వింది, తర్వాత గుసగుసలాడింది. నిలబడటమే నా పని కాబట్టి నేను బాగా నిలబడ్డాను. ఆంటీ తల ఎత్తలేదు గానీ చెవి ఒకటి స్పీకర్ వైపు తిప్పింది.

"అరే, గిక్కడ గూడ పాట ఉన్నదా!"

కాళ్ళ దగ్గరున్న మైకు ఆ మాటను హాలంతా పంచింది.

మేం అడుగులు మరిచిపోయామనుకుని కొడుకు పాట ఆపేశాడు. ఇప్పుడు పాటా లేదు, మేమూ లేము. అధ్యక్షుడు కుర్చీలోంచి సగం లేచాడు. ఆయన ఇక "ధన్యవాదాలు" అన్నాడంటే అయిపోయినట్టే. ఆంటీ వచ్చే వారమే ఎగ్జిట్. ఆవిడ చేతివేళ్ళు కొంగును గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఆ వేళ్ళు అలా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

హాలు వెనక సౌండ్ బల్ల దగ్గర కొడుకు లేచి నిలబడ్డాడు. స్టేజి మీద నాలుగు కొంగులనూ చూశాడు. ఏమిటో అర్థమైనట్టుంది. చుట్టూ ఆఫీసువాళ్ళు, సంబంధాల వాళ్ళు. అతను మైకు తీసుకుని, మొదట దగ్గాడు.

"బిడ్డా, గా సప్పుడు బంద్ జెయ్యి" అన్నాడు. ముసలి గొంతు. గుండీలన్నీ పెట్టుకున్న చొక్కాలోంచి, ఆ ముసలమ్మే. "నేను మాట్లాడుతున్న. ఎవల పెండ్లిల కూసున్నవురా? కోడలా, నువ్వన్న ఇంటున్నవా? ఎండల తిరుగకు. పుల్లటివి తినకు."

హాలు గప్‌చిప్‌గా వింది. అధ్యక్షుడు మళ్ళీ కూర్చున్నాడు, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని. కొడుకు ఒక్క మాట పొల్లు పోకుండా చెప్పుకుంటూ వచ్చి, చివర కొంచెం తడబడి, పాట బటన్ మీద చెయ్యి పెట్టాడు.

"ఆగు!" అంది ఆంటీ, నేల వైపు చూస్తూనే. "ఒకటి ఇడ్సిపెట్టినవ్."

"అమ్మా..."

"అత్తమ్మ మాట నడుమల తుంచద్దు. చెప్పు."

"అమ్మా, ప్లీజ్."

"చెప్పురా!"

అతను పైకప్పు వైపు చూశాడు. అక్కడ సాయం ఏమీ దొరకలేదు.

"పిలగాడు," అన్నాడు ముసలి గొంతుతో, "ఇంకా పక్క తడుపుతున్నడా?"

హాలు విరగబడింది. ముందు వరసలో ఒకావిడ కుర్చీ మీంచి జారింది. అప్పటిదాకా అతని మీద మా అమ్మకు ఏవో ఆశలుండేవి. పక్కకు తిరిగి చూస్తే, అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది, భుజాలు కదులుతున్నాయి.

ఆంటీ తలెత్తలేదు. క్యాసెట్‌లో అత్తగారికి ఎప్పుడూ జవాబు దొరికేది కాదు. ఆ రోజు మాత్రం ఆంటీ కొంగు సర్దుకుని, అణకువగా, స్పష్టంగా జవాబిచ్చింది.

"లేదు అత్తమ్మా. మానిండు. ఇప్పుడు ఇంజనీరైండు." తర్వాత తలెత్తి, "ఇగ పెట్టు!" అంది.

పాట వచ్చింది. ఆ తర్వాత మేం ఏం ఆడామో నాకు సరిగా గుర్తులేదు. చేతులు జర ఊపమన్న ఒప్పందం నేను దాటిపోయానని అమ్మ అంటుంది. నాకు గుర్తున్నది సౌండ్ బల్ల. కొడుకు బటన్ల వైపు చూడటం మానేశాడు. వాళ్ళమ్మ చాట చెరుగుతోంది, పిండుతోంది, వెండి పట్టీ తళతళా మెరుస్తుంటే పోపుకు గాల్లోకి లేచి చప్పుడు లేకుండా దిగుతోంది. తను పుట్టి పెరిగిన ఇంట్లో ఇన్నాళ్ళూ తలుపనుకోని తలుపు ఒకటి తెరుచుకున్నట్టు అతను చూస్తున్నాడు.

కార్యక్రమం అయ్యాక నలుగురం అతని కారెక్కాం. ఫాయిల్ పట్టీలు కరకరలాడుతున్నాయి. పొద్దు ఇంకా గుంకలేదు, పార్కింగ్‌లో వేడి. అతను ఏసీ వేశాడు గానీ కారు కదిలించలేదు. వాళ్ళమ్మను పొగడాలని ఉన్నట్టుంది, అలవాటు లేదు.

"మంచిగ జెప్పినవ్" అంది ఆంటీ ముందుగా. "దగ్గు కొంచెం ఎక్కువైంది. సరే, గా పాట పెట్టు. నేను ఇనని తుకడ ఉన్నది గద, గది ఇంట."

అతను ఫోన్‌లో వెతికి, ఆ చోటు నుంచి పెట్టాడు. ఆంటీ కళ్ళు మూసుకుంది. మేమెవ్వరం కదల్లేదు, పట్టీలు చప్పుడవుతాయని. ఒక జీవితమంతా అత్తగారి కింద దాగి ఉన్న పాట. బాకాలు ఊదారు. డోలు కొట్టారు. నవ్వేటామె రెండుసార్లు ఏదో మూలిగింది. మళ్ళీ బాకాలు. అంతే, తెలిసిన భాగం వచ్చేసింది.

ఆంటీ కళ్ళు తెరిచింది.

"గింతేనా?"

"అంతే అమ్మా. మళ్ళీ పెట్టనా?"

"వద్దు తియ్యి. ఏం తోచక డోలు కొట్టుకున్నరు మావోళ్ళు. మా అత్తమ్మనే నయం."

గుంటూరు ఆవిడ కిసుక్కుమంది. అతను స్టీరింగ్ మీద వేళ్ళతో మెల్లగా తాళం వేస్తున్నాడు, తప్పుగా. తర్వాత వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"అమ్మా, చివర్లో అలా వెనక్కి ఎగిరి దిగావు కదా, చప్పుడే కాలేదు. అది ఎలా చేస్తావు?"

ఆంటీ కొంగు దోపుకుంది. తలుపు తీసింది.

"కారు దిగు" అంది. "సూపిస్త."